తోడల్లుడి భుజమ్మీద నెల్లూరు తీరం

ఈ ప్రయాణానికి నేను ఒక్కణ్ణే వెళ్లాలనుకున్నాను. ఖమ్మంలో కరెంటాఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఏడాదికోసారి సెలవు పెట్టి, సంచి భుజాన వేసుకుని, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా కొన్ని రోజులు తిరిగి రావడం నాకు అలవాటు. ఈసారి నెల్లూరు తీరం అనుకున్నాను. మైపాడు దగ్గర మొదలుపెట్టి, వాకాడు వైపు దిగి, పులికాట్ సరస్సుకు చలికాలంలో వచ్చే పక్షుల్ని చూసి, తడ దాకా వెళ్లి వెనక్కి రావాలని. ఈ సంగతి నా భార్య తన చెల్లెలు విజయకు చెప్పింది. విజయ తన భర్తకు చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఫోను.

"అన్నా, ఒక్కడివే ఏం పోతావు? నేనూ వస్తా. కొట్టు విజయ చూసుకుంటదిలే."

అతను నరసింహం, నా తోడల్లుడు. ఖమ్మంలోనే కిరాణా కొట్టు నడుపుతాడు. నాకంటే చిన్నవాడు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. బస్సులో పక్కన కూర్చున్నవాడి ఊరు, కులదైవం, పిల్లల చదువు కనుక్కోకుండా దిగడు. నేను పుస్తకం తెరిస్తే "ఏముందన్నా అందులో?" అని తొంగి చూస్తాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. ఉన్న కారణం పైకి చెప్పుకునేది కాదు. అతనితో కలిసి తిరగడం నాకు చిన్నతనంగా ఉండేది.

చూడనివాళ్లకు ఆ తీరం గురించి చెబుదామనే ఇది రాయడానికి కూర్చున్నాను. చెబుతాను కూడా. కానీ ఏ చోటు తలుచుకున్నా ముందు అతని పాదాలే కళ్లముందుకొస్తున్నాయి. కాబట్టి వాటి సంగతీ ఇందులోనే ఉంటుంది.

మైపాడు

నెల్లూరులో రైలు దిగి, స్టేషన్ బయట ఎర్రకారం పూసిన దోసెలు తిన్నాం. మా వైపు దోసెకు చట్నీ పక్కన పెడతారు. ఇక్కడ కారం దోసె ఒంటికే పట్టిస్తారు. మొదటి ముక్కకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నరసింహం మాత్రం దోసె రాకముందు "ఇప్పుడే వస్తా" అని చిన్న పెట్టె ఒకటి జేబులో వేసుకుని హోటల్ వెనక్కి వెళ్లి వచ్చాడు. ఖైనీ అలవాటైందనుకున్నాను. ఏమీ అడగలేదు.

నాలుగు రోజులకూ ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు మస్తాన్, నెల్లూరు కోటమిట్ట మనిషి. నవ్వితే ముఖమంతా నవ్వే రకం. ఊరు దాటేలోపే నరసింహం అతన్ని "తమ్ముడూ" అనడం, అతను నరసింహాన్ని "అన్నా" అనడం, ఇద్దరూ ఒకరి పిల్లల ఫోటోలు ఒకరు చూసుకోవడం అయిపోయాయి. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. పెన్నా కింది పొలాలు కోతకు వస్తున్నాయి. మా దగ్గర పత్తి, మిరప మధ్య అక్కడక్కడ కనిపించే వరి, ఇక్కడ సముద్రం దాకా ఆగకుండా పరుచుకుంది.

మైపాడులో కెరటాలు ఇసుకను కోసేసి, మోకాలి ఎత్తు గట్టులా నిలబెట్టాయి. ఆ గట్టు అంచున నిలబడి ఫోటో తీస్తున్నాను. ఇసుక జారింది. ఎడమ పాదం లోపలికి మడతపడి, ఒంటి బరువంతా దాని మీద పడింది. లోపల ఏదో పుటుక్కుమన్నట్టు అనిపించింది. అక్కడే కూలబడి అరిచాను.

మొదట పరుగెత్తుకొచ్చింది నరసింహం. నన్ను రెండు చేతులా లేపి, భుజాన చెయ్యి వేయించుకుని, ఆ ఇసుకలో ఆటో దాకా దాదాపు మోసుకొచ్చాడు. చీలమండ బయటివైపు ఉబ్బెత్తుగా ఉండే గిలక ఎముక కింద కోడిగుడ్డంత వాపు అప్పటికే లేచింది. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు.

"బెణికిందిలే సామీ, ఇరగలా," అన్నాడు ఒక ముసలాయన.

"విరిగిందో లేదో మీకెలా తెలుస్తుంది?" అని విసుక్కున్నాను. ఆయన వెళ్లి, చేపల పెట్టెలోంచి ఐసుముక్క తెచ్చి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఆ గుడ్డకు చేప వాసన వస్తోందని ముక్కు మూసుకున్నాను. ఆ సంగతీ ఆయన చూశాడు.

బూటులోకి నా పాదం మళ్లీ దూరలేదు. నరసింహానివి బెల్టులున్న వెడల్పాటి చెప్పులు.

"నావి తొడుక్కో అన్నా. పట్టీ వదులు చేస్తే సరిపోతది. నీ బూట్లు నేను వేసుకుంటా."

"నీకు ఇరుకు కదా? నీ పాదం పెద్దది."

"ఏం కాదులే," అంటూ నా బూట్లలో పాదాలు కుక్కి, లేచి రెండడుగులు వేసి చూపించాడు. "సరిగ్గా సరిపోయినయ్!"

నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది మరి.

ఆ సాయంత్రం లాడ్జిలో ఇంటికి ఫోన్ చేసింది అతనే. "అన్న కాలు మడతపడ్డది విజయా. పాపం, నొప్పికి అల్లాడిపోతున్నడు. వదినకు మెల్లగా చెప్పు, కంగారు పెట్టకు." నేను దిళ్ల మీద కాలు పెట్టుకుని వింటూ మూలిగాను. ఆ మూలుగు ఫోన్లో వినపడాలనే కొంచెం గట్టిగా మూలిగాను.

తూపిలిపాళెం

మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్దామని నరసింహం అన్నాడు. సెలవులు వృథా అవుతాయని నేనే వద్దన్నాను. పుత్తూరు కట్టు కట్టించుకుంటే సరిపోతుందని మస్తాన్ సలహా. "ఈడనించి రెండు మూడు గంటలే సార్. మా మామకు చెయ్యి ఇరిగితే ఆడే కట్టించినాం." అదీ వద్దన్నాను. కాలు నొప్పి అని అందరూ నా చుట్టూ తిరగాలి. నొప్పికి మాత్రం మందు వద్దు. ఆ రోజు నా తీరు అలా ఉంది.

గూడూరు మీదుగా కోట, వాకాడు దాటి తూపిలిపాళెం చేరాం. ఈ వైపు సముద్రపు పల్లెల పేర్లన్నిటి చివరా పాళెం ఉంటుంది. మస్తాన్‌కు తెలిసిన ఇల్లు ఒకటుంది. ఇంటావిడ పేరు కావమ్మ. ఆమె భర్త, కొడుకు వేటకు పోయారు. మమ్మల్ని చూడగానే వాకిట్లో మంచం వాల్చింది. "అయ్యో, కాలు ఎట్టా వాసిందో సూడు! పండుకో నాయనా, సిగ్గుపడబాక."

చింతపండు, ఉప్పు, పసుపు కలిపి ఉడికించి, ఆ వేడి పట్టు నా చీలమండకు వేసింది. హాయిగానే ఉంది కానీ, అది తీసేసరికి వాపు ఇంకా పెరిగింది. కాలు పట్టి గుంజి సరిచేస్తానంటే మాత్రం నేను పెట్టిన కేకకు కోళ్లు ఎగిరిపోయాయి. ఆమె పకపకా నవ్వింది.

మధ్యాహ్నం భోజనం ఆ వాకిట్లోనే. చేపల పులుసులో పచ్చిమామిడి ముక్కలు వేశారు. మా ఇంట్లో చేపకు చింతపండే. మామిడి పులుపు మరీ ఘాటుగా కాకుండా చేప మీదకు నెమ్మదిగా దిగుతుందని అక్కడ తెలిసింది. నిన్నటి పులుసు ఈరోజు తింటేనే రుచి అని కావమ్మ చెప్పింది. డబ్బు ఇవ్వబోతే నోటు వైపు కూడా చూడకుండా, "మీ ఊరొస్తే మాకు అన్నం పెట్టవా?" అంది. పెడతానని తలూపాను. ముందు రోజు ఐసు ఇచ్చిన మనిషిని తలుచుకుంటే, నేను పెట్టేవాణ్ణో లేదో నాకే అనుమానంగా ఉంది.

ఇంటి పక్కన, నా మంచం అంచు దాకా, ఎండుచేపలు ఆరబోసిన సిమెంటు గచ్చు ఉంది. చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లకు సాయం చేస్తానని నరసింహం బూట్లు విప్పి దాని మీదికి వెళ్లాడు. ఎండ నెత్తిమీదుంది. ఆడవాళ్లందరి కాళ్లకూ చెప్పులున్నాయి. అతను ఉత్తికాళ్లతో నిలబడి ఖమ్మం మిరపకాయ రేట్లు చెబుతున్నాడు.

"ఓయన్నా, కాళ్లు కాల్తాయి, ఇవతలికి రా!" అని కావమ్మ అరిచింది.

"ఏం కాలట్లేదమ్మా!"

నేను మంచం మీద నుంచి వంగి ఆ గచ్చుకు వేళ్లు ఆనించాను. చురుక్కుమంది. "వాడికి తోలు మందం," అన్నాను కావమ్మతో. ఆమె నవ్వలేదు. అతని కుడిపాదం వైపు చూసి, "ఆ కాలు కూడా వాసినట్టుండాదే," అంది.

"రైల్లో కూర్చున్నాం కదమ్మా, నీరు దిగింది," అన్నాడు నరసింహం. "నెల నుంచి కొంచెం అట్లనే ఉంటది. వాతం."

నేను పట్టించుకోలేదు. ఆ పూటకు నా కాలొక్కటే కాలు.

తీరానికి వెళ్లాలంటే మధ్యలో సన్నటి ఉప్పుటేరు దాటాలి. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. నరసింహం నన్ను వీపున ఎక్కించుకుని దాటించాడు. అవతల ఒడ్డున దింపాక రొప్పుతూ, "సముద్రం బాగుందా అన్నా?" అని అడిగాడు. బాగుంది. నీలంగా, ఖాళీగా, దూరాన తెల్లటి బోట్లతో చాలా బాగుంది. "ఇంకొంచెం ముందుకు పోయి చూద్దామా?" అన్నాను. మళ్లీ వంగాడు.

సూళ్లూరుపేట దాటాక

మూడో రోజు సూళ్లూరుపేట నుంచి తూర్పుగా సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీద వెళ్లాం. రెండు వైపులా నీళ్లు, లేకపోతే నీళ్లు ఇంకి తెల్లబడిన బురద. ఆ వెలుగుకు కళ్లు తెరవలేకపోయాం. చాలా దూరాన గులాబీ రంగు గీత ఒకటి కనిపించింది. అది కదిలింది. "అవే సార్ రాజహంసలు," అన్నాడు మస్తాన్, ఆటో ఆపి.

వాటి కోసమే అంత దూరం వచ్చాను. నా కెమెరాకు ఆ దూరం అందలేదు. రోడ్డు దిగితే నీళ్లలోకి రాళ్ల కట్ట ఒకటి పోతోంది.

"నరసింహం, నువ్వు ఆ కట్ట మీద పోయి తీసుకురాగలవా? బురద ఒడ్డు దాకా పోతే దగ్గరగా వస్తాయి."

"ఓ, దాందేముంది?"

కెమెరా మెడలో వేసుకుని రాళ్ల మీద వెళ్లాడు. నేను ఆటోలో కాలు చాపుకుని కూర్చుని చూస్తున్నాను. అతని నడకలో ఏదో తేడా ఉంది. కుడిపాదం మడమ నుంచి వేళ్ల దాకా ఒక్కసారిగా, బల్లచెక్క పడ్డట్టు పడుతోంది. ఒకచోట తూలి, చేతులు చాపి నిలదొక్కుకున్నాడు. అప్పుడు నా గుండె ఝల్లుమన్న మాట నిజం. కెమెరా పడిపోతుందని.

తిరిగొచ్చేసరికి చెమటతో తడిసిపోయాడు. ఫోటోలు చక్కగా వచ్చాయి. పక్షులు తలలు నీళ్లలో ముంచి, పొడుగాటి కాళ్ల మీద కుదురుగా నిలబడి ఉన్నాయి. ఆ ఫోటోలు నా దగ్గరే ఉన్నాయి. ఎవరికీ చూపించడం లేదు.

తడలో టీ తాగాం. అక్కడికి బోర్డుల మీద తమిళం కూడా చేరింది. టీ కొట్టావిడ మాతో తెలుగు, వెనకవాళ్లతో తమిళం, మధ్యలో రెండూ కలిపి మాట్లాడుతోంది. నేను దిగడానికి మళ్లీ నరసింహం భుజం పట్టుకున్నాను. పట్టుకున్నప్పుడు ఒకసారి అతను పక్కకు ఒరిగాడు.

"సరిగ్గా నిలబడవయ్యా! నన్ను కూడా పడేస్తావా?" అన్నాను, అందరి ముందూ.

"తప్పయిందన్నా," అన్నాడు.

మస్తాన్ మా ఇద్దర్నీ చూశాడు. అప్పటిదాకా చిరునవ్వు చెరగని ఆ ముఖంలో నవ్వు లేదు. "సార్, నెల్లూరు పోదాం. డాక్టరుకు సూపిద్దాం," అన్నాడు. నన్ను అడుగుతున్నట్టు కాదు, చెబుతున్నట్టు అన్నాడు.

నెల్లూరు, ఆసుపత్రి గది

డాక్టరు నడివయసు దాటని స్త్రీ. ఎముకల వైద్యం, అందులోనూ పాదాల పని ఎక్కువ చేస్తారని మస్తాన్ దారిలో చెప్పాడు. బల్ల మీద కూర్చోబెట్టి, నా రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి చూశారు. పాదం ఎటు మడతపడిందో, పడ్డాక వెంటనే అడుగు వేయగలిగానో లేదో అడిగారు. వేళ్లతో నొక్కడం మొదలుపెట్టారు. వాపు ఉన్నచోట కాదు. ముందు గిలక వెనక అంచు, దాని కొన, తర్వాత లోపలివైపు గిలక, పాదం బయటి అంచున మధ్యలో ఉండే ఎముక.

"ఇక్కడ నొప్పా?"

"లేదండీ."

"ఇక్కడ?"

"అక్కడ కూడా లేదు. దాని ముందు వైపు ఉంది."

ముందు వైపు నొక్కగానే బల్ల మీద ఎగిరిపడ్డాను. ఆమె తలూపారు. లేచి నడవమన్నారు. నేను అలవాటుగా నరసింహం కోసం చెయ్యి చాపాను. "ఆయన్ని వదిలెయ్యండి, మీరే," అన్నారు. గోడ దాకా కుంటుతూ నడిచి, వెనక్కి వచ్చాను. ఎవరూ పట్టుకోకుండా. అంత బాగా నడవగలనని నాకూ తెలియదు.

"ఎముకకేం కాలేదు. గిలక ముందు ఎముకల్ని కలిపి పట్టుకునే కట్టు నరం సాగింది. మడతపడిన చీలమండల్లో ఎక్కువ భాగం ఇవే. ఎక్స్‌రే అక్కర్లేదు."

"మూడు రోజుల నుంచి ఇంత నొప్పి ఉంటే, ఎక్స్‌రే కూడా తీయకుండా..."

"ఎముక అంచుల మీద నొప్పి లేదు, బరువు పెట్టి నడిచారు. అట్లాంటప్పుడు విరిగుండే అవకాశం చాలా తక్కువ. వేడి పట్లు వేశారా? మొదట్లో వేడి పెడితే వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టి ఐసు పెట్టండి, సాగే కట్టు వేసుకోండి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోండి. మంచం మీదే ఉండిపోకండి. రేపట్నుంచి కాలి బొటనవేలితో గాల్లో అ ఆలు దిద్దండి. కీలు పట్టెయ్యకుండా ఉంటుంది."

నాకు నిరాశ కలిగింది. మూడు రోజులు ఒక మనిషి వీపు మీద తిరిగినదానికి కనీసం ఎముకైనా విరిగుండాల్సింది అనిపించింది. అంత చిన్న దెబ్బకు ఇంత హడావుడి చేశానని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

నేను బల్ల దిగబోతుంటే నరసింహం కింద కూర్చుని నాకు చెప్పు తొడగబోయాడు. డాక్టరు కళ్లు అతని కుడి బూటు మీద పడ్డాయి. బూటు పైభాగం ఉబ్బి, కుట్లు విచ్చుకున్నాయి.

"మీరు పైన కూర్చోండి."

"నాకేం లేదు మేడమ్. అన్నకే..."

"కూర్చోండి. ఈ బూట్లు మీవేనా?"

అతను నా వైపు చూశాడు. "నావండీ," అన్నాను నేను.

బూటు తీయడానికి నర్సు కూడా సాయం పట్టాల్సి వచ్చింది. కుడిపాదం ఎర్రగా, ఉబ్బి, నిగనిగలాడుతోంది. మధ్యలో ఉండాల్సిన వంపు లేదు. పాదం పక్కన బూటు అంచు లోతుగా అచ్చుపడింది. డాక్టరు చేతి వెనకభాగం ముందు ఎడమపాదం మీద, తర్వాత కుడిపాదం మీద పెట్టారు. మళ్లీ అలాగే చేశారు. నన్ను పిలిచి నా చెయ్యి కూడా పెట్టించారు. కుడిపాదం జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా కాలుతోంది.

"షుగర్ ఎన్నాళ్ల నుంచి?"

"చాన్నాళ్లాయె మేడమ్. ఇన్సులిన్ పొడుచుకుంటున్నా," అంటూ జేబులోంచి చిన్న పెట్టె తీసి చూపించాడు. మూడు రోజులుగా ప్రతి భోజనం ముందూ పక్కకు వెళ్లింది అందుకు. మేమిద్దరం ఒకింటి అల్లుళ్లమై ఇన్నేళ్లయింది. అతను ఇన్సులిన్ వేసుకుంటాడని నాకు తెలియదు.

ఆమె సన్నటి నైలాన్ పోగున్న చిన్న పుల్ల తీశారు. "కళ్లు మూసుకోండి. ఇది పాదానికి తాకినప్పుడల్లా ఆఁ అనండి."

నరసింహం కళ్లు మూసుకున్నాడు. ఆమె బొటనవేలి కింద తాకించారు, పోగు వంగేదాకా. తర్వాత అరికాలి మెత్త మీద. తర్వాత చిటికెన వేలి కింద. మడమ మీద. రెండో పాదం మీద. అతను కళ్లు మూసుకుని, నవ్వుముఖంతో, బడిలో పేరు పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉన్న పిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా మేడమ్?" అన్నాడు కాసేపటికి.

నేను కిటికీ వైపు తిరిగాను.

ఎక్స్‌రే అతనికి తీశారు. ఆమె దాన్ని వెలుగు ముందు పెట్టి, తన వేలితో చూపిస్తూ చెప్పారు. "షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. ఎప్పుడో చిన్న దెబ్బ తగిలుంటుంది. ఎముక చిట్లినా మీకు నొప్పి తెలియలా. నడుస్తానే ఉన్నారు. ఇదిగో, మధ్యలో ఈ కీళ్లు ఒకదాని మీంచి ఒకటి జారిపోయినాయి. ఈ ఎముక ముక్కలైంది. ఇది వాతం కాదు. రక్తపరీక్ష కూడా చేస్తాం, చీము పట్టలేదని తేల్చుకోవాలి. చర్మం తెగలేదు, అదే అదృష్టం. కింద పుండు పడి ఉంటే కాలు నిలబెట్టడమే కష్టమయ్యేది."

"ఈ మూడు రోజుల్లోనే ఇట్లా అయిందా అండీ?" అని నేనడిగాను. కాదనాలని గట్టిగా కోరుకుంటూ అడిగాను.

"లేదు, వారాల కిందటే మొదలై ఉంటుంది. కానీ ఈ పాదం మీద వేసిన ప్రతి అడుగూ దాన్ని ఇంకా చెడగొట్టేదే. ఈ మధ్య బరువులేమన్నా మోశారా?"

"అబ్బే, ఏం లేదు మేడమ్," అన్నాడు నరసింహం వెంటనే.

"నన్ను మోశాడండీ," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రాసుకుంటున్నది ఆపి, నా ముఖంలోకి ఒకసారి చూసి, మళ్లీ రాసుకున్నారు.

రక్తపరీక్షలో చీము సూచనలు లేవు. మోకాలి కిందిదాకా పిండికట్టు వేశారు. పాదం ఆకారానికి అతుక్కునేట్టు, ఎక్కడా ఒరుసుకోకుండా వేసే కట్టు అది. వాపు తగ్గే కొద్దీ వదులవుతుంది కాబట్టి తరచూ మార్చాలన్నారు. పాదం చల్లబడి, ఎముకలు కుదురుకునేదాకా నెలలు పట్టవచ్చని, అప్పటిదాకా ఆ కాలు నేలకు ఆనకూడదని చెప్పారు. కట్టు ఆరేదాకా కాలును సరైన కోణంలో పట్టుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. నేను పట్టుకుంటానన్నాను.

నా అరచేతుల మీద ఆ కాలు ఆనింది. "అన్నా, నువ్వు పెద్దోడివి, నా కాలు పట్టుకోవడం ఏంది, నర్సమ్మ పట్టుకుంటదిలే," అంటూ వెనక్కి లాక్కోబోయాడు.

"కదలకయ్యా," అన్నాను. నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది.

బయట మస్తాన్ మాకోసం కూర్చునే ఉన్నాడు. నరసింహాన్ని అతనే ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. స్టేషన్లో నాకు చెయ్యి ఇవ్వబోయి, ఆగి, "మీరు నడుస్తారుగా సార్," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాటే. అతనితో కళ్లు కలపలేకపోయాను.

ఖమ్మం

ముందు అతని పాదం సంగతి చెప్పేస్తాను. పాదం దక్కింది. చాలాసార్లు కట్టు మార్చాక, రెండు పాదాల వేడీ సమానమయ్యాక కట్టు తీశారు. వంపు మాత్రం తిరిగి రాలేదు; పాదం అడుగు కొంచెం ఉబ్బెత్తుగా నిలిచిపోయింది. దాని అచ్చు తీసి చేసిన మెత్తటి బూట్లు వేసుకుని ఇప్పుడు కొట్లో కూర్చుంటున్నాడు. రోజూ రెండు పాదాలూ తడిమి వేడి చూసుకోవాలి, అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, ఉత్తికాళ్లతో ఇంట్లో కూడా తిరగకూడదు. నా చీలమండ ఖమ్మం చేరిన రెండు వారాలకే మామూలైంది.

ఇక రైలు. పక్క పెట్టెలో ఎవరో పాటలు పెట్టుకున్నారు. నరసింహం కట్టుకాలు సీటు మీద చాపుకుని, వాకరు పక్కన పెట్టుకుని, ఎదుటి సీటు వాళ్లతో నెల్లూరు దోసెల గురించి మాట్లాడుతున్నాడు. విజయకు ఫోన్ చేసి చెబుదామని నేనంటే వద్దన్నాడు. "ఫోన్లో చెప్తే అది భయపడి చస్తదన్నా. మనిషి ఎదురుగా కనపడితే ధైర్యంగా ఉంటది. నేనే చెప్తా." నేను సరేనన్నాను. అతని మాట కాదనలేక అనుకుంటే గౌరవంగా ఉండేది. ఆమెతో ఆ మాట చెప్పాల్సిన పని నాకు తప్పిందని అన్నాను.

పొద్దున ఖమ్మంలో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద నా భార్య, విజయ కనిపించారు. విజయ చేతుల్లో వీల్‌చైర్ ఉంది. స్టేషన్ వాళ్లను బతిమాలి తెచ్చిందట. దాంట్లో దిండు ఒకటి వేసి ఉంది, కాలు పెట్టుకోవడానికి ఇంకోటి. నేను సంచులు దించుదామని ముందు తలుపు దగ్గరికొచ్చాను. నన్ను చూడగానే దాన్ని తోసుకుంటూ దాదాపు పరుగెత్తుకొచ్చింది.

"దిగకండి బావగారూ, దిగకండి! కుర్చీ తెచ్చాను. రోజూ ఆయన ఫోన్లో చెబుతుంటే మీ నొప్పి తలుచుకుని నాకు అన్నం సహించలేదు." నా భుజం మీదుగా పెట్టెలోకి తొంగి చూస్తూ భర్తను కేకేసింది. "ఏమండీ, అక్కడ కూర్చుని ముచ్చట్లేంది? వచ్చి బావగారిని పట్టుకోండి, కాలు కింద ఆననియ్యకండి!"

లోపల నుంచి నరసింహం నవ్వు వినిపించింది, "వస్తున్నా, వస్తున్నా" అంటూ. వాకరు నేలకు తగిలిన చప్పుడు కూడా.

నేను మెట్లు దిగి, నా రెండు కాళ్ల మీద ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. విజయ చేతుల్లోంచి కుర్చీ తీసుకుని తలుపు వైపు తిప్పాను.

"ఇది నాకు కాదమ్మా," అన్నాను.